గుండె ఆగితే... అంబులెన్సు వచ్చేలోగా మీరేం చేయాలి?



రాత్రివేళ అత్యవసర విభాగం ముందు ఒక ఆటో వచ్చి ఆగుతుంది. వెనుక సీట్లో కొడుకు ఒడిలో తండ్రి తల. కూతురు అరికాళ్ళు రుద్దుతూ ఉంటుంది. "ఇప్పటిదాకా బాగానే ఉన్నారండీ. అన్నం తిని చేయి కడుక్కుందామని లేచి అలాగే పడిపోయారు" అంటారు. "ఎంతసేపయింది?" అని డాక్టరుగారు అడుగుతారు. "ఇరవై నిమిషాలు." "ఈలోగా ఏం చేశారు?" "ముఖాన నీళ్ళు చల్లాం, నోట్లో కాసిని పోశాం, ఆటో కోసం పరుగెత్తాం."

ఇలాంటి దృశ్యం ఏ ఆసుపత్రికీ కొత్త కాదు. ఆ కుటుంబం నిర్లక్ష్యం చేయలేదు. తమకు తెలిసినంతలో అన్నీ చేసింది, చేతనైనంత వేగంగా వచ్చింది. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఆ తండ్రి మెదడుకు రక్తం అందలేదు. "ఇంకో ఐదు నిమిషాలు ముందు వచ్చి ఉంటే బతికేవారా?" అని వారు తరువాత అడుగుతారు. నిజానికి తేడా ఆటో వేగంలో లేదు. పడిపోయిన చోటనే, పడిపోయిన నిమిషంలోనే, ఇంట్లోవారి చేతులు చేయగలిగిన పని ఒకటి ఉంది. అది వారికి ఎవరూ నేర్పలేదు. ఆ పని పేరే సి.పి.ఆర్.

మీరు ఈ పుస్తకాన్ని వార్డు బయట బెంచీ మీద కూర్చుని చదువుతూ ఉండవచ్చు. లోపల ఉన్న మీవారు కోలుకుని మీతో ఇంటికి వస్తారు. ఆసుపత్రి బయట గుండె ఆగిపోయే సంఘటనల్లో ఎక్కువ భాగం ఇళ్ళలోనే జరుగుతాయి. అంటే మీకు ఈ పని చేయవలసి వస్తే, అది దారిన పోయే ఎవరికో కాకుండా మీ నాన్నగారికో, అమ్మగారికో, భర్తకో, భార్యకో అయ్యే అవకాశమే ఎక్కువ. కాబట్టి దయచేసి దీనిని పూర్తిగా చదవండి.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు

ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. గుండె కండరానికి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోతే దానిని గుండెపోటు అంటారు. అప్పుడు రోగికి ఛాతీలో నొప్పి, బరువు, చెమటలు, ఆయాసం ఉంటాయి. కానీ స్పృహలో ఉంటాడు, మాట్లాడతాడు. ఇటువంటివారికి సి.పి.ఆర్. చేయకూడదు. "గ్యాస్ నొప్పిలే" అని సోడా తాగించి ఊరుకోకుండా, నడిపించకుండా, కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.

గుండె ఆగిపోవడం అంటే గుండె రక్తాన్ని పంపు చేయడం మానివేయడం. మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోతాడు. పిలిస్తే పలకడు. ఊపిరి ఉండదు. గుండెపోటు ముదిరి ఇలా కావచ్చు. కరెంటు షాకు, నీట మునగడం, ఉరి, పెద్ద ప్రమాదం వంటివి కూడా కారణం కావచ్చు. సి.పి.ఆర్. అవసరమయ్యేది ఈ స్థితిలోనే.

రక్తం అందకపోతే మెదడు 4 నుంచి 6 నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఎంత మంచి అంబులెన్సు సర్వీసైనా నాలుగు నిమిషాల్లో మీ గుమ్మం ముందుకు రావడం కష్టం. అందుకే మొదటి నిమిషాలు ఇంట్లోవారివి, ఇరుగుపొరుగువారివి.

సి.పి.ఆర్. ఎలా పనిచేస్తుంది?

కార్డియో పల్మనరీ రిససిటేషన్ అనే మాటకు పొట్టి రూపమే సి.పి.ఆర్. గుండె మన ఛాతీ మధ్యలో, ముందున్న రొమ్ము ఎముకకూ వెనుకనున్న వెన్నెముకకూ నడుమ ఉంటుంది. రొమ్ము ఎముకను గట్టిగా లోపలికి నొక్కినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెలోని రక్తం మెదడు వైపు సాగుతుంది. వదిలినప్పుడు గుండె మళ్ళీ రక్తంతో నిండుతుంది. అంటే ఆగిపోయిన గుండె చేయవలసిన పనిలో కొంత భాగాన్ని మన చేతులు చేస్తాయన్నమాట.

పూర్వం గుండె ఆగితే డాక్టర్లు ఛాతీ కోసి, గుండెను చేతితో పిసికేవారు. ఛాతీ కోయకుండా బయటి నుంచే నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన వైద్య బృందం ప్రకటించింది. అప్పటి నుంచి ఇది ఆపరేషన్ థియేటరు దాటి సామాన్యుల చేతికి వచ్చింది. మన దేశంలో మత్తు వైద్య నిపుణులు 2017లో సామాన్య ప్రజల కోసం ఇంకా సులభమైన పద్ధతిని ప్రకటించారు. అందులో నోటితో ఊపిరి ఊదడం లేదు. ఛాతీ నొక్కడం ఒక్కటే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ వద్ద బస్సు దిగిన ఒక వ్యక్తి అక్కడే కుప్పకూలిపోయాడు. విధుల్లో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ నడిరోడ్డు మీదే అతని ఛాతీ నొక్కి ప్రాణం నిలిపాడు. ఆయన డాక్టరు కాదు. చేతిలో ఏ పరికరమూ లేదు.

ఇలా చేయండి

1. చుట్టూ చూడండి. మీరూ ప్రమాదంలో పడకూడదు. మోటారు దగ్గర, గీజరు దగ్గర, తెగిపడిన తీగ దగ్గర ఎవరైనా పడి ఉంటే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. కరెంటు పోయిందని తేలేవరకు తాకవద్దు.

2. పిలవండి. రెండు భుజాలు గట్టిగా తట్టి, పేరు పెట్టి బిగ్గరగా పిలవండి.

3. సహాయం కోసం అరవండి. ఒకరిని 108కి ఫోన్ చేయమనండి. "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. పేరు పెట్టో, వేలితో చూపించో ఒకరికి అప్పగించండి. మీరొక్కరే ఉంటే ఫోన్ స్పీకరు మీద పెట్టి పక్కన ఉంచుకోండి. 108 సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. ఇప్పుడు దేశమంతటికీ వర్తించే 112కి చేసినా సహాయం అందుతుంది. ఊరు, వీధితో పాటు వాటర్ ట్యాంకు, బడి, చర్చి, గుడి వంటి గుర్తు చెప్పండి. రాత్రివేళ అయితే ఒకరు టార్చి లైటుతో రోడ్డు మీద నిలబడాలి.

4. ఊపిరి ఉందేమో చూడండి. ఛాతీ లేచి దిగుతోందా అని 10 సెకన్లకు మించకుండా చూడండి. నాడి కోసం వెతుకుతూ కాలయాపన చేయవద్దు. కంగారులో నాడి దొరకడం కష్టం.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో కొందరు నోరు తెరచి, ఆగి ఆగి, గురక పెట్టినట్టు గాలి పీలుస్తారు. మన పెద్దలు దీనినే ఎగశ్వాస అంటారు. "ఇంకా ఊపిరి ఉంది" అని ఇంట్లోవారు ఆగిపోయేది దీనిని చూసే. అది ఊపిరి కాదు. అలాగే కొందరికి పడిపోగానే కొన్ని సెకన్లు కాళ్ళు చేతులు కొట్టుకుంటాయి. మూర్ఛ అనుకుని చేతిలో తాళంచెవులు పెడతారు. కొట్టుకోవడం ఆగిన వెంటనే మళ్ళీ ఊపిరి చూడండి. పిలిస్తే పలకకుండా, ఊపిరి మామూలుగా లేకుండా ఉంటే గుండె ఆగిందనే భావించి మొదలుపెట్టండి.

5. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. నులక మంచం, నవారు మంచం, పరుపు మీద నొక్కితే అవి కిందికి కుంగుతాయే గాని ఛాతీ కుంగదు. దుప్పటితో సహా పట్టుకుని నేల మీదికి దించండి.

6. చేయి పెట్టవలసిన చోటు. రోగి పక్కన మోకాళ్ళ మీద కూర్చోండి. ఒక అరచేతి కింది భాగాన్ని, అంటే మణికట్టుకు ఆనుకుని ఉండే గట్టి భాగాన్ని, ఛాతీ నడిమధ్యలో రొమ్ము ఎముక కింది సగం మీద ఆనించండి. ఎడమవైపు కాదు, పొట్ట మీద కాదు. రెండో చేతిని దాని మీద పెట్టి వేళ్ళు పెనవేయండి.

7. గట్టిగా నొక్కండి. మోచేతులు వంచకూడదు. మీ భుజాలు మీ చేతులకు సరిగ్గా పైన ఉండాలి. చేతి బలంతో కాకుండా ఒంటి బరువుతో నొక్కండి. పెద్దవారిలో ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు, అంటే రెండు అంగుళాలు కిందికి దిగాలి. దాదాపు ఒక అగ్గిపెట్టె పొడవు. 6 సెంటీమీటర్లు దాటవద్దు.

8. వేగంగా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకు ఇంచుమించు రెండుసార్లు. పైకి లెక్కపెట్టండి. "పదకొండు, పన్నెండు, ఇరవై ఒకటి" అని పోతే మాట పొడవై చేయి నెమ్మదిస్తుంది. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం తేలిక.

9. ప్రతిసారీ పూర్తిగా వదలండి. చేయి తీయకుండానే ఛాతీ పైకి లేవనివ్వండి. లేస్తేనే గుండెలోకి రక్తం చేరుతుంది.

10. రెండు నిమిషాలకు ఒకసారి మనిషి మారండి. ఇది చాలా అలసట కలిగించే పని. అలసిన చేయి లోతుగా నొక్కలేదు. పక్కనున్నవారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని క్షణంలో మారాలి.

11. ఆపవద్దు. అంబులెన్సు సిబ్బంది వచ్చి తాము చూసుకుంటామనే వరకు, లేదా రోగి కదిలి మామూలుగా ఊపిరి తీసుకునే వరకు, లేదా మీలో ఇక ఓపిక లేదనే వరకు నొక్కుతూనే ఉండండి.

ఊపిరి బాగా ఉండి స్పృహ మాత్రమే లేకపోతే సి.పి.ఆర్. అక్కరలేదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి గమనిస్తూ 108 కోసం వేచి ఉండండి.

పిల్లలు, నీట మునిగినవారు, గర్భిణులు

పిల్లల్లో గుండె తరచుగా ఊపిరి అందకనే ఆగుతుంది. నీట మునిగినవారిలోనూ అంతే. కాబట్టి వీరికి ఊపిరి ఇవ్వడం కూడా ముఖ్యం. తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిపై నోరు ఆనించి ఛాతీ లేచేంత గాలి ఊదాలి. ముందుగా 2 ఊపిరులు, ఆపై 30 నొక్కులు, మళ్ళీ 2 ఊపిరులు, ఇలా కొనసాగించాలి. ఊపిరి ఇవ్వడం చేతకాకపోతే నొక్కడమైనా చేయండి.

ఏడాది దాటిన పిల్లలకు ఒక చేత్తో, అది చాలకపోతే రెండు చేతులతో, సుమారు 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. ఏడాది లోపు పసిబిడ్డకు రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని, చనుమొనల గీతకు కొంచెం కింద, రెండు బొటనవేళ్ళతో సుమారు 4 సెంటీమీటర్లు నొక్కాలి. పసిబిడ్డకు ఊపిరి ఇచ్చేటప్పుడు తల ఎక్కువ వంచకుండా, నోరూ ముక్కూ కలిపి మీ నోటితో మూసి, బుగ్గల్లోని గాలి మాత్రమే ఊదండి.

చెరువులోంచో బావిలోంచో తీసినవారిని తలకిందులుగా పట్టుకోవడం, భుజాన వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చేయవద్దు. దానితో విలువైన నిమిషాలు పోతాయి. కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది.

గర్భిణికి కూడా ఇదే పద్ధతిలో ఛాతీ నొక్కాలి. ఇంకొకరు ఉంటే పెద్ద కడుపును చేతులతో ఆమె ఎడమవైపుకు జరిపి పట్టుకోవాలి. తల్లి బతికితేనే బిడ్డ.

ఇవి చేయవద్దు

స్పృహలేనివారి నోట్లో నీళ్ళు, సోడా, పాలు పోయవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేపి కూర్చోబెట్టవద్దు. ఉల్లిపాయ వాసన చూపడం, అరికాళ్ళు రుద్దడం వల్ల ఆగిన గుండె కొట్టుకోదు. చుట్టూ గుమిగూడవద్దు.

తరచుగా వచ్చే సందేహాలు

పక్కటెముకలు విరిగితే?
విరగవచ్చు, ముఖ్యంగా వృద్ధుల్లో. చేతికింద చిటుక్కుమన్నా ఆపకండి. చోటు సరిగా ఉందో లేదో ఒకసారి చూసుకుని కొనసాగించండి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఆగిన గుండెను అలాగే వదిలేస్తే మనిషి దక్కడు.

గుండె ఆగలేదేమో, పొరపాటున చేస్తే?
అలాంటప్పుడు తీవ్రమైన హాని జరగడం చాలా అరుదు. రోగి మూలిగితే, చేయి నెడితే ఆపి చూడండి. అనుమానంలో చేయకుండా ఉండటమే పెద్ద ప్రమాదం.

స్త్రీలకు పరాయి పురుషుడు చేయవచ్చా?
చేయాలి. బహిరంగ స్థలాల్లో కుప్పకూలిన స్త్రీలకు సి.పి.ఆర్. తక్కువగా అందుతోందని పలు దేశాల అధ్యయనాల్లో తేలింది. ఈ సంకోచం ప్రాణం తీస్తుంది. నొక్కేది నడిమి ఎముక మీద. దుస్తులు తీయనక్కరలేదు. చుట్టూ ఉన్న స్త్రీలు చీర అడ్డుపెట్టి సహాయపడవచ్చు.

ఆటోలో వేసుకుని పరుగెత్తడం మంచిది కాదా?
కదిలే ఆటో సీటు మీద సరిగా నొక్కడం సాధ్యం కాదు. కాబట్టి మొదట అక్కడే మొదలుపెట్టండి, 108కి చేయండి, వారు చెప్పినట్టు నడుచుకోండి. అంబులెన్సు రాలేని చోటైతే, బండి గుమ్మం ముందుకు వచ్చేవరకు నొక్కుతూ ఉండి, సీటు మీద కాకుండా బండి చదునైన నేల మీద పడుకోబెట్టి దారిలోనూ కొనసాగించండి.

రోడ్డు మీద సహాయం చేస్తే పోలీసు కేసు అవుతుందా?
రోడ్డు ప్రమాద బాధితులకు సహాయం చేసేవారి రక్షణకు 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. సదుద్దేశంతో సహాయం చేసినవారిపై సివిల్ గాని, క్రిమినల్ గాని చర్య ఉండదు.

ఎ.ఇ.డి. అంటే ఏమిటి?
లయ తప్పిన గుండెకు విద్యుత్ షాకు ఇచ్చి సరిచేసే చిన్న యంత్రం. విమానాశ్రయాల వంటి చోట్ల గోడకు అమర్చి ఉంటుంది. స్విచ్ వేస్తే ఏం చేయాలో అదే పలికి చెబుతుంది. 2021 జూన్ 12న డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మ్యాచ్ మధ్యలో కుప్పకూలినప్పుడు మైదానంలోనే సి.పి.ఆర్. చేసి ఈ యంత్రంతో షాకు ఇచ్చారు. 2022లో ఆయన తిరిగి ఆటలోకి వచ్చారు.

ఒక మాట నిజాయితీగా

సి.పి.ఆర్. చేసిన ప్రతివారూ బతకరు. ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో బతికి ఇల్లు చేరేవారు చాలా దేశాల్లో పదిమందిలో ఒకరి లోపే. వెంటనే ఛాతీ నొక్కడం మొదలైతే ఆ అవకాశం రెండు, మూడు రెట్లు పెరుగుతుంది. మీరు చేయవలసినదంతా చేసినా మీవారు దక్కకపోతే, అది మీ చేతుల లోపం కాదు. ఆ భారాన్ని మీ మీద వేసుకోవద్దు.

నయంకాని జబ్బుతో చివరి దశలో ఉన్నవారి విషయం వేరు. అటువంటివారికి సి.పి.ఆర్. మేలు చేస్తుందా లేదా అన్నది ముందుగానే, రోగి అభిప్రాయం కూడా తెలుసుకుని, మీ డాక్టరుగారితో కూర్చుని మాట్లాడుకోండి. ఆ సంభాషణకు భయపడవద్దు. అది కూడా ప్రేమలో భాగమే.

నేర్చుకోండి, నేర్పండి

చదివినంత మాత్రాన చేతికి రాదు. ఇవాళే ఇంట్లో నేల మీద ఒక గట్టి దిండు పెట్టి, రెండు నిమిషాలు లెక్కపెడుతూ నొక్కి చూడండి. ఎంత అలసట వస్తుందో, మనిషి మారడం ఎందుకు అవసరమో అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద మాత్రం ఎప్పుడూ అభ్యాసం చేయకండి. వీలైతే శిక్షణ తరగతిలో బొమ్మ మీద నేర్చుకోండి. ఎక్కడ నేర్పుతారో మీ వార్డు సిస్టరును అడగండి. ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారుంటే కనీసం ఇద్దరికి ఇది వచ్చి ఉండాలి. రోగిని చూసుకునే ఆ ఇల్లాలికి, హైస్కూలు చదివే పిల్లలకు తప్పక నేర్పండి. 

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని కథ మీలో చాలామందికి తెలుసు. దారిలో పడి ఉన్న మనిషిని చూసి ఇద్దరు పక్కగా వెళ్ళిపోయారు. మూడోవాడు వైద్యుడు కాడు, బంధువు కాడు. దగ్గరకు వెళ్ళాడు, తన దగ్గర ఉన్న నూనె, ద్రాక్షారసంతోనే గాయాలు కట్టాడు, ఆ తరువాతనే సత్రానికి చేర్చాడు. ముందు దగ్గరకు వెళ్ళడం, ఉన్నదానితో మొదలుపెట్టడం. ఏ మతంవారికైనా పాఠం ఇదే. ఆ సమయంలో ప్రార్థన చేయండి, తప్పక చేయండి. పెదవులు ప్రార్థిస్తుండగా చేతులు నొక్కుతూ ఉండనివ్వండి.

కత్తిరించి గోడకు అంటించుకోండి

• పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు – గుండె ఆగింది.
• ఎగశ్వాస ఊపిరి కాదు.
• 108 లేదా 112. ఫోన్ స్పీకరు మీద.
• మంచం మీద కాదు, నేల మీద.
• ఛాతీ నడిమధ్య. రెండు చేతులు. రెండు అంగుళాలు.
• సెకనుకు ఇంచుమించు రెండుసార్లు. ఒకటి నుంచి పది, మళ్ళీ ఒకటి.
• రెండు నిమిషాలకు మనిషి మారాలి.
• సహాయం వచ్చేవరకు ఆపవద్దు.